‘బట్’ అంటే ‘తప్ప’: తికమక పెట్టే ఇంగ్లీషు మాటలకు తెలుగు తూకంరాళ్లు

మెయిల్లో ఒక వాక్యం: ‘ద టెస్టింగ్ ఈజ్ ఆల్ బట్ ఫినిష్డ్.’ టెస్టింగ్ అయినట్టా, కానట్టా? ‘అంతా బాగానే ఉంది కానీ పూర్తి మాత్రం కాలేదు’ అని చదువుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ మెయిల్ చెప్పేది టెస్టింగ్ దాదాపు అయిపోయిందని. ఇవాళో రేపో ముగిసిపోతుందని.

ఇక్కడ దారి తప్పించింది చిన్నప్పుడు బట్టీపట్టిన ‘బట్ అంటే కానీ’. పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం ‘బయట, మినహా’. అంటే మన ‘తప్ప’. ఆ అర్థం ఇప్పటికీ కొన్ని పలుకుబళ్లలో బతికే ఉంది. అలాంటి చోట ‘కానీ’ తీసేసి ‘తప్ప’ పెట్టి చదివితే చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

‘ఆల్ బట్ ఫినిష్డ్’ అంటే ‘పూర్తయింది’ అనే ముద్ర ఒక్కటి తప్ప అన్నీ పడ్డాయి. చావొక్కటే తక్కువ అంటామే, అచ్చం ఆ వరస. ‘ఆల్ బట్ వన్ కేమ్’ అంటే ఒక్కరు తప్ప అందరూ వచ్చారు. ‘ద ఎగ్జామ్ వాజ్ ఎనీథింగ్ బట్ ఈజీ’ అంటే పరీక్షని ‘తేలిక’ తప్ప ఇంకేమైనా అనొచ్చు, అంటే అస్సలు తేలిక కాదు. ‘నథింగ్ బట్ ట్రబుల్’ అంటే తలనొప్పి తప్ప ఇంకేమీ లేదు. కోర్టులో ప్రమాణం చేయించేటప్పుడు వినిపించే ‘నిజం తప్ప మరేమీ చెప్పను’లో ఉన్నది ఈ నథింగ్ బట్టే. ‘బట్ ఫర్ యువర్ హెల్ప్’ అంటే నీ సాయమే లేకపోయుంటే. ‘ద లాస్ట్ స్టాప్ బట్ వన్’ అంటే చివరి నుంచి రెండో స్టాపు. అమెరికాలో దీన్ని ‘సెకండ్ టు లాస్ట్’ అంటారు.

ఎనీథింగ్ బట్, నథింగ్ బట్ ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. ‘హి ఈజ్ ఎనీథింగ్ బట్ ఎ ఫూల్’ పొగడ్త, ‘హి ఈజ్ నథింగ్ బట్ ఎ ఫూల్’ తిట్టు. రెండూ మారిపోతే రిఫరెన్స్ లెటర్ కాస్తా ఫిర్యాదు అవుతుంది.

‘ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్’ అనే సామెత కూడా ఇదే కొలతకి లొంగుతుంది. కుండపోతగా తప్ప వాన పడదు. కష్టాలు ఒక్కొక్కటిగా రావు, మూకుమ్మడిగా వస్తాయి అని. మన గోరుచుట్టు మీద రోకటిపోటు దీనికి దగ్గర. అమెరికన్లు దీన్నే ‘వెన్ ఇట్ రెయిన్స్, ఇట్ పోర్స్’ అని సాఫు చేసేసుకున్నారు. ఒక్క మినహాయింపు: ‘లాస్ట్ బట్ నాట్ లీస్ట్’లో బట్ మామూలు కానీయే.

గైడు పుస్తకాల్లో ఇడియమ్‌కి ఎదురుగా ఒక అర్థం రాసి వదిలేస్తారు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే కుంభవృష్టి, ఒక మార్కు. ఆ మాటని ఇవాళ ఇంగ్లండులో వాన గురించి మాట్లాడేవాళ్లు అరుదుగా వాడతారన్న సంగతి ఆ పుస్తకం చెప్పదు. వాళ్లు ‘ఇట్స్ పోరింగ్’ అని ఊరుకుంటారు. అర్థం తెలియడం తేలికే. ఎవరి నోట, ఏ స్వరంలో, ఏ చట్రంలో వస్తుందో తెలియడం దగ్గరే దెబ్బతింటాం. అయితే మన దగ్గర కొన్ని తూకంరాళ్లు ఉన్నాయి. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టి గందరగోళం చేసిన చోట తెలుగు ప్రత్యయాలు రెండుగా విడగొట్టేస్తాయి. కొన్నిచోట్ల మాత్రం తెలుగే మనల్ని ముంచుతుంది. ఏది ఎక్కడో తెలిస్తే చాలు.

‘-గా’, ‘-లోగా’, ‘గానీ’

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్.’ మన ఇంటర్వ్యూల్లో ఎక్కువగా వినపడే తప్పు. దోషం తెలుగుది. మనం ‘2019 నుంచి’ అంటాం, ‘రెండేళ్ల నుంచి’ అని కూడా అంటాం. ఒకే ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషులో మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన నిడివికి ఫర్.

‘నుంచి’ తీసేసి ‘-గా’ తగిలించి చూడండి. ‘రెండేళ్లుగా’ కుదిరింది కాబట్టి ఫర్. ‘2019గా’ కుదరదు కాబట్టి సిన్స్. ‘వారం రోజులుగా’ ఫర్, ‘సోమవారంగా’ అనలేం కాబట్టి సిన్స్. ‘చిన్నప్పటి నుంచి’ని ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు, అందుకని సిన్స్ చైల్డ్‌హుడ్.

ఆ వాక్యంలో రెండో తప్పు కూడా ఉంది. తెలుగులో ఇంకా సాగుతున్న పనికి ‘చేస్తున్నాను’ సరిపోతుంది, ఇంగ్లీషులో ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ఈ గొడవెందుకని ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అనేస్తే ఇంకో ప్రమాదం: ఆ ఉద్యోగం మానేశారని అర్థం వస్తుంది.

బై, అంటిల్ సంగతి దీనికి తిరగబడింది. ఇక్కడ తెలుగు చాలా స్పష్టం. ‘శుక్రవారంలోగా పంపండి’ అంటే బై. ‘శుక్రవారం దాకా ఉంటాను’ అంటే అంటిల్. చిక్కంతా ‘వరకు’ అనే మాటతో. దాన్ని కొందరు రెండింటికీ వాడతారు, అక్కణ్ణుంచే ‘సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే’ పుడుతుంది. అది విన్నవాడికి శుక్రవారం వచ్చేదాకా రోజూ పంపుతూనే ఉండమన్నట్టు తోస్తుంది. కాబట్టి ‘వరకు’ తట్టినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి ‘లోగా’నా, ‘దాకా’నా అని అడగండి. ఒక్కసారి జరిగి ముగిసే పని అయితే లోగా, బై. సాగుతూ ఉండే పని అయితే దాకా, అంటిల్.

‘నాట్ అంటిల్’కి మన దగ్గర బంగారం లాంటి మాట ఉంది: ‘గానీ’. ‘ఇట్ వోంట్ బి రెడీ అంటిల్ ఫ్రైడే’ని ‘శుక్రవారం వరకు రెడీ కాదు’ అని తెలుగు చేస్తే శుక్రవారం సంగతేమిటో తేలదు. ‘శుక్రవారానికి గానీ తయారవదు’ అంటే శుక్రవారం అవుతుందని, అంతకు ముందు ఆశ పెట్టుకోవద్దని రెండూ ఒక్క దెబ్బకి తెలుస్తాయి.

‘ఎట్ ది ఎండ్’, ‘ఇన్ ది ఎండ్’: చివర్లో, చివరికి. అంతే. సినిమా చివర్లో పాట వస్తుంది, ఎట్ ది ఎండ్. ఎంతో బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు, ఇన్ ది ఎండ్. ‘ఆన్ టైమ్’ అంటే సరిగ్గా వేళకి. ‘ఇన్ టైమ్’ అంటే అందేలా, మించిపోకముందే. రైలు పది గంటలకి కదలాలి, పదికే కదిలింది, అది ఆన్ టైమ్. మీరు తొమ్మిదీ నలభైకి స్టేషన్ చేరి బండి అందుకున్నారు, అది ఇన్ టైమ్.

‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ మధ్య తేడా ఒక్క అక్షరమే, భావం మాత్రం ఆమడదూరం. ‘ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే కొంతమంది వచ్చారు, సంతోషం. ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే వచ్చింది కొద్దిమందే, నిట్టూర్పు. లిటిల్, ఎ లిటిల్ కూడా ఇంతే. తెలుగు వాక్యంలో ‘-ఏ’ పడితే ఇంగ్లీషులో ‘ఎ’ ఎగిరిపోతుంది అని గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక యూజ్డ్ టు. ‘తాగేవాణ్ణి’ అంటే ‘ఐ యూజ్డ్ టు డ్రింక్’. ‘తాగడం అలవాటే’ అంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు డ్రింకింగ్’. ‘అలవాటు పడుతున్నా’ అంటే ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు డ్రింకింగ్’. డాక్టరు దగ్గర ఒక్క ‘యామ్’ జారిపడితే, ఇప్పటికీ తాగేవాడు ఎప్పుడో మానేసినవాడైపోతాడు. ఆ ‘టు’ తర్వాత ఎప్పుడు ‘-ఇంగ్’ రావాలో తేల్చుకోవాలంటే క్రియ బదులు ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ‘ఐ యామ్ యూజ్డ్ టు కాఫీ’ కుదిరింది, కాబట్టి డ్రింకింగ్. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్’ కుదిరింది, కాబట్టి ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’. ‘ఐ వాంట్ టు కాఫీ’ కుదరదు, కాబట్టి వాంట్ టు డ్రింక్. లెటర్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అని రాసే అలవాటు ఈ ఒక్క పరీక్షతో పోతుంది.

అట, -ఏ, కాదు కదా

‘రాడట’ని మనవాళ్లు ‘హి ఈజ్ నాట్ కమింగ్, ఇట్ సీమ్స్’ అంటారు. దక్షిణాది ఇంగ్లీషు మొత్తం మీద ఇంత నికార్సయిన తెలుగు ముద్ర ఇంకోటి లేదు, కన్నడ తమిళ సోదరులు కూడా వాటా అడుగుతారనుకోండి. వ్యవహారం ఏమిటంటే ‘అట’ వినికిడి మాట. ఎవరో చెప్పారు, నా పూచీ లేదు. ‘ఇట్ సీమ్స్’ చెప్పేవాడి సొంత అంచనా. ఆధారాలు చూస్తే నాకిలా అనిపిస్తోంది అని. అంటే అది మన ‘రాడులా ఉంది’. ‘ద సర్వర్ ఈజ్ డౌన్, ఇట్ సీమ్స్’ అంటే మీరే చూసి నిర్ధారించినట్టు అవతలివాడు అనుకుంటాడు, లాగ్స్ పంపమంటాడు. ‘అట’కి సరైన మాటలు ‘అపారెంట్లీ’, ‘ఐ యామ్ టోల్డ్’, ‘ఐ హియర్’.

‘-ఏ’ది ఇంకో తంటా. ‘ఇక్కడే ఉన్నా’ కాస్తా ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అవుతుంది, ‘ఈరోజే’ కాస్తా ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అవుతుంది. ‘రైట్ హియర్’, ‘దిస్ వెరీ డే’ ఉన్నాయి, కానీ చాలాసార్లు ఇంగ్లీషువాడు ఆ మాటని కాస్త నొక్కి పలికి వదిలేస్తాడు. రాతలో అయితే ‘టుడే’ ఒక్కటి చాలు. ‘ఊరికే కూర్చున్నా’కి ‘సింప్లీ సిటింగ్’ అనకండి. ‘జస్ట్ సిటింగ్ అరౌండ్’ అనాలి. ఆ ఊరికేలో బద్ధకం కూడా ఉంది మరి.

‘లెట్ అలోన్’ ఇంతకంటే లోతైన గుంట. తెలుగులో ‘పరుగు కాదు కదా, నడవను కూడా లేడు’ అంటాం. పెద్దది ముందు, చిన్నది తర్వాత. ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది: ‘హి కాంట్ వాక్, లెట్ అలోన్ రన్.’ చిన్నదాన్ని ముందు కాదని, ఇక పెద్దదాని మాటెందుకు అంటారు. మన వరసలోనే పెట్టి ‘హి కాంట్ రన్, లెట్ అలోన్ వాక్’ అంటే వాక్యం వ్యాకరణం ప్రకారం నిలబడుతుంది, తర్కం ప్రకారం కూలిపోతుంది. ‘ఐ డోంట్ హావ్ టెన్ రుపీస్, లెట్ అలోన్ ఎ థౌజండ్.’ పది ముందు, వెయ్యి తర్వాత. తెలుగులో ఎలా తోస్తే దానికి తిరగేసి రాయడమే మార్గం.

ఒక పలకరింపు ముక్క కూడా. క్లాసులో, మీటింగులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మన మధ్య ‘నాకో ప్రశ్న ఉంది’. బయటివాళ్లకి అది ‘మీ మాట నమ్మకంగా లేదు’. అడగాలనుకున్నది సందేహమైతే క్వశ్చన్, అనుమానమైతేనే డౌట్.

చెయ్యి, కాలు, తల

శరీర భాగాలతో వచ్చే జాతీయాలు చూడ్డానికి రెండు భాషల్లోనూ ఒకేలా ఉంటాయి. మోసం అక్కడే.

‘హి గేవ్ మి ఎ హ్యాండ్’ అంటే సాయం చేశాడు. తెలుగులో చెయ్యిచ్చాడంటే నట్టేట ముంచాడు. హ్యాండిచ్చాడు అని ఇంగ్లీషు ముక్క పెట్టి మరీ అంటాం కాబట్టి ఇది ఇంకా ప్రమాదకరం. ఇంగ్లీషు అర్థానికి మన ‘చెయ్యందించాడు’ సరి. మన అర్థానికి ఇంగ్లీషులో ‘హి లెట్ మి డౌన్’. స్టేజీ మీద ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే మాత్రం చప్పట్లు కొట్టమని.

‘పుల్లింగ్ మై లెగ్’ అంటే ఆటపట్టిస్తున్నాడు. అంతకు మించి ఏమీ లేదు. పైకి ఎదుగుతున్నవాణ్ణి కాళ్లు పట్టి కిందికి లాగడం అనే మన భావం దానికి లేదు. అప్రైజల్ మీటింగులో ‘మై కొలీగ్స్ ఆర్ పుల్లింగ్ మై లెగ్’ అని ఫిర్యాదు చేస్తే, పోనీలే సరదాగా ఉన్నారు అనుకుంటాడు మేనేజరు. అక్కడ కావలసింది ‘అండర్‌మైనింగ్ మి’.

తల తినకు అనడానికి ‘డోంట్ ఈట్ మై హెడ్’ మనదేశపు తయారీ. ‘స్టాప్ పెస్టరింగ్ మి’ అనండి. వాళ్లకి ‘బైట్ సమ్‌వన్స్ హెడ్ ఆఫ్’ ఉంది, అది చిన్న విషయానికి కస్సుమనడం. చేతులు దులుపుకోవడం మాత్రం అదృష్టవశాత్తూ సరిగ్గా సరిపోయింది: ‘వాష్డ్ హిజ్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్’. వాళ్లు కడుక్కుంటారు, మనం దులుపుకుంటాం. కాలికి బుద్ధి చెప్పడం, ‘టుక్ టు హిజ్ హీల్స్’ కూడా కవలలే.

వీటికి చట్రం కదలదు. ‘డాగ్స్ అండ్ క్యాట్స్’ కురవవు, చచ్చిపోయాడనడానికి ‘ఎ బకెట్’ని తన్నరు, ‘ద బకెట్’నే తన్నాలి. మనం కాళ్లావేళ్లా పడతాం, వేళ్లాకాళ్లా పడం. ఊరూవాడా ఏకమవుతుంది, వాడా ఊరూ కాదు. అదే పట్టింపు వాళ్లకీ ఉందనుకుంటే చాలు.

బరువు తేడాలు

‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కి ‘అమావాస్యకో పున్నానికో’ అని అర్థం రాస్తారు. బరువు సరిపోదు. అమావాస్య, పున్నమి నెలనెలా వస్తాయి. బ్లూ మూన్ అంటే ఇప్పుడు ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పౌర్ణమి. ఈ నిర్వచనం 1946లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రిక ఒక పంచాంగాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల ప్రచారంలోకి వచ్చింది, పలుకుబడి మాత్రం అంతకన్నా చాలా పాతది. ఆ లెక్కన అది సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది, 19 ఏళ్లలో ఏడుసార్లు. పంచాంగం తెలిసినవాళ్లకి ఈ అంకె ఎక్కడో విన్నట్టు ఉండాలి. మన అధికమాసం కూడా 19 ఏళ్లలో ఏడుసార్లే వస్తుంది. పన్నెండు చాంద్రమాసాలకీ సౌరసంవత్సరానికీ మధ్య మిగిలే పదకొండు రోజులే రెండిటికీ కారణం. కాబట్టి బ్లూ మూన్‌కి సరైన తెలుగు తూకం ‘అధికమాసానికోసారి’. నెలకోసారి సినిమాకి వెళ్లేవాడు బ్లూ మూన్ అనకూడదు.

‘వైట్ ఎలిఫెంట్’ ఇంకో రకం. తెల్ల ఏనుగు అనగానే మనకి మనసులో ఐరావతం కదులుతుంది, ఇంద్రుడి వైభవం. ఇంగ్లీషులో అది మెడకి చుట్టుకున్న ఖర్చు. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజులు గిట్టనివాళ్లకి తెల్ల ఏనుగుని బహూకరించేవాళ్లని, దాన్ని పనిలో పెట్టలేక, వదిలించుకోలేక, మేపలేక వాళ్లు దివాలా తీసేవాళ్లని కథ. కట్టి వదిలేసిన స్టేడియం వైట్ ఎలిఫెంట్. బాగా లాభాలు తెచ్చే ప్రాజెక్టుని ఎంత పెద్దదైనా అలా అనరు.

‘పుండు మీద కారం’ దగ్గర వాళ్లది ఉప్పు: ‘రబ్ సాల్ట్ ఇన్‌టు ద వూండ్’. దీన్ని ‘యాడ్ ఇన్‌సల్ట్ టు ఇంజురీ’తో కలిపేస్తారు. తేడా ఉంది. మొదటిది ఉన్న బాధని ఇంకా మండించడం. రెండోది దెబ్బ తగిలాక దానిపైన అవమానం వేరే. లగేజీ పోగొట్టిన విమానసంస్థ, ఫిర్యాదు చేసినందుకు ఎదురు ఫీజు అడిగితే అది ఇన్‌సల్ట్ టు ఇంజురీ.

‘కిక్ ద బకెట్’ని బాల్చీ తన్నేశాడు అని యథాతథంగా దింపుకున్నాం కాబట్టి దాని స్వరం మనకి బాగా తెలుసు. పరామర్శ ఉత్తరంలో ఎవరూ బాల్చీ తన్నరు. అక్కడ ‘పాస్డ్ అవే’. మనవాళ్లు మర్యాద అనుకుని రాసే ‘ఎక్స్‌పైర్డ్’ మాత్రం బయటి చెవులకి పాలప్యాకెట్ మీద తేదీలా వినిపిస్తుంది. ‘అండర్ ద వెదర్’ జలుబు, నలత వరకే. ఆపరేషన్ అయినవాణ్ణి అలా అంటే తేలిక చేసినట్టు.

ఏ ఊరి ఇంగ్లీషు?

పార్లమెంటులో కాగ్ నివేదికని ‘టేబుల్’ చేశారంటే మనకి సభ ముందు పెట్టారని. అది బ్రిటిష్ వాడుక. అమెరికాలో ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే పక్కన పెట్టేద్దాం, తర్వాత ఎప్పుడైనా చూద్దాం. పూర్తిగా తలకిందులు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. డల్లాస్ టీముతో కాల్‌లో ఆ మాట వినపడితే ‘యు మీన్ డిస్కస్ ఇట్ నౌ, ఆర్ లేటర్?’ అని అడిగేయడం మేలు.

‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’. మిలటరీ, పోలీసు అకాడమీల పాసింగ్ అవుట్ పరేడ్ తెలిసిన మనకి అది డిగ్రీ. అమెరికన్‌కి అది 2019లో స్పృహ తప్పడం. ‘గ్రాడ్యుయేటెడ్’ రాయండి. పెళ్లి ప్రకటనల్లోని ‘హోమ్లీ’ మనకి ఇంటిపట్టున ఉండే నెమ్మదస్తురాలు, బ్రిటన్‌లో హాయైన ఇల్లు లాంటిది, అమెరికాలో అందంగా లేని మనిషి. అట్లాంటా సంబంధాలకి పంపే బయోడేటాలో ఆ మాట కొట్టేయడం మంచిది. ‘రివర్ట్’ అంటే మనకి జవాబివ్వడం, నిఘంటువులో మొదటి అర్థం పూర్వస్థితికి వెళ్లడం. కోడ్ విషయంలో ‘ఐ విల్ రివర్ట్ టుమారో’ అంటే మార్పులన్నీ వెనక్కి తీసేస్తామన్నట్టే.

‘క్వైట్ గుడ్’ అమెరికన్ నోట చాలా బాగుంది, బ్రిటిష్ నోట తరచూ పర్లేదు. రివ్యూలో ఆ మాట వస్తే పొంగిపోయే ముందు రాసినవాడిది ఏ దేశమో చూడాలి. ‘మొమెంటరిలీ’ అమెరికా విమానంలో కాసేపట్లో, బ్రిటన్‌లో కాసేపు మాత్రమే.

గడియారం దగ్గర తెలుగు మళ్లీ ఆదుకుంటుంది. బ్రిటిష్ ‘హాఫ్ సెవెన్’ అచ్చంగా ఏడున్నర. ‘హాఫ్’ వినగానే అరగంట తగ్గించి ఆరున్నర అనుకోకండి. అమెరికన్ ‘క్వార్టర్ ఆఫ్ సెవెన్’ ఏడుంబావు కాదు, పావు తక్కువ ఏడు. ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లూ అవుతుంది, రెండు వారాలకోసారీ అవుతుంది. పక్షానికోసారి అనే అర్థంలో ‘ఎవ్రీ టూ వీక్స్’ అని రాస్తే ‘ఫోర్ట్‌నైట్’ తెలియని అమెరికన్‌కి కూడా అర్థమవుతుంది.

బుధవారం మీటింగు ‘మూవ్డ్ ఫార్వర్డ్ టూ డేస్’ అంటే సోమవారమా, శుక్రవారమా? ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా దీనికి రెండు రకాల జవాబులూ చెబుతారని భాషా పరిశోధకులు పరీక్షించి చూశారు. మన ‘ప్రీపోన్’ని ఎక్కిరించేవాళ్లు ఇది ఆలోచించాలి. అందులో అనుమానానికి తావే లేదు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ చోటు దొరికింది. అయినా విదేశీ మెయిల్లో ‘మూవ్డ్ ఫ్రమ్ వెడ్నెస్‌డే టు మండే’ అని వారాలే రాసేయండి. తేదీ వేస్తే నెల పేరు అక్షరాల్లో ఉండాలి, 05/06 మనకి జూన్ ఐదు, అమెరికాలో మే ఆరు.

రెండు తలల మాటలు కొన్ని ఉన్నాయి. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరు, దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. ‘ఓవర్‌సైట్ కమిటీ’ పర్యవేక్షణ సంఘం, ‘ఇట్ వాజ్ ఆన్ ఓవర్‌సైట్’ కంటికి ఆనని పొరపాటు. క్రియల్లో ఆ చీలిక స్పష్టం: ‘ఓవర్‌సీ’ పర్యవేక్షించడం, ‘ఓవర్‌లుక్’ చూడక వదిలేయడం, ‘లుక్ ఓవర్’ ఒకసారి చూసిపెట్టడం. ‘ప్లీజ్ ఓవర్‌లుక్ మై రిపోర్ట్’ అని పంపితే నా రిపోర్టు పట్టించుకోకండి అని బతిమాలినట్టు.

అవును, లేదు

‘హావెంట్ యు సెంట్ ద ఫైల్?’ ఫైలు పంపలేదా? ‘ఆఁ, పంపలేదు’ అని మనసులో అనుకుని పైకి ‘యస్’ అంటాం. తెలుగులో అవును, కాదు అనేవి ప్రశ్నకి జవాబు: మీరన్నది నిజమే అని. ఇంగ్లీషులో యస్, నో అనేవి పనికి జవాబు: పంపితే యస్, పంపకపోతే నో, ప్రశ్న ఎలా అడిగినా సరే. మీ ఒంటరి ‘యస్’ విన్నవాడు ఫైలు కోసం ఇన్‌బాక్స్ వెతుకుతూ కూర్చుంటాడు. నాలుగు రోజులు జాగ్రత్తపడితే అలవాటవుతుంది, అప్పటిదాకా యస్, నో రెండూ మానేసి ‘ఐ హావెంట్ సెంట్ ఇట్ యెట్’ అని నిండు వాక్యం చెప్పేయండి.

‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో?’ అన్నప్పుడు మైండ్ అంటే అభ్యంతరం. కిటికీ తీస్తే మీకేమైనా ఇబ్బందా అని. మర్యాదగా తలూపి ‘యస్’ అంటే, ఆఁ ఇబ్బందే అన్నట్టు. ఒప్పుకోవాలంటే ‘నాట్ అటాల్’ లేదా ‘గో అహెడ్’. నిజంగానే వద్దనుకుంటే ‘యస్, ఐ డు’ వ్యాకరణం ప్రకారం సరే, చెవికి మాత్రం మొరటు. దాని బదులు ‘ఐ వుడ్ రాదర్ యు డిడింట్’ అంటారు. కిటికీ ఇంకా తెరవనే లేదు, అయినా అక్కడ భూతకాలం. మనం ‘తెరవొద్దు’ అనకుండా ‘తెరవకపోతేనే బాగుంటుందేమో’ అంటామే, ఆ మెత్తదనాన్ని వాళ్లు ఆ ‘డిడింట్’తో తెచ్చుకుంటారు.